డీవీడీలో వీడియో చివర్లో ఇరుక్కుంటా ఉంటే ఏం చేయాల?

అన్నా, ల్యాప్‌టాప్‌లో బాగా ఆడే ఎంపీ4 వీడియోలు డీవీడీలో రాస్తే ఇంట్లో ప్లేయర్‌కి కొన్ని అసలు కనపడట్లేదు, కనపడినవి చివర్లో ఇరుక్కుంటున్నాయి అని కదా నువ్వు అడిగింది. అవి రెండూ వేరే వేరే జబ్బులు, నాకు రెండూ వచ్చినాయి కాబట్టి చెప్తా.

మాది చిత్తూరు జిల్లా పూతలపట్టు పక్కన పల్లె. ఎండాకాలం ద్రౌపదమ్మ గుడి కాడ 18 రోజులు భారతం జరుగుతుంది, పగలు హరికథ, రాత్రి నాటకం. మా నాయన అర్జునుడి వేషం కట్టేవాడు. 2011లో ఆయన తపసుమాను, అంటే అర్జునుడు తపస్సుకి ఎక్కే పొడుగాటి మాను, ఎక్కింది మా చిన్నాన్న కెమెరాలో తీసినాడు, టౌన్‌లో ఒక షాపులో డీవీడీ చేయించినాం. షాపులో మొదటి పది నిమిషాలు ఆడించి చూపిస్తే బాగుందని డబ్బులిచ్చి తెచ్చేసుకున్నాం. ఇంట్లో అందరం కూర్చుని చూస్తా ఉంటే, నాయన మాను సగం ఎక్కినాక బొమ్మ గళ్లు గళ్లుగా అయిపోయి, ప్లేయర్ లోపల గర్రుగర్రుమని, అట్లే నిలబడిపోయింది. పైనుంచి నిమ్మకాయలు విసిరేది, కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడోళ్లు కొంగు పట్టేది అంతా దాని తర్వాతే. నాయన ఏమీ అనకుండా లేచి బయటికి పోయినాడు.

చివర్లోనే ఎందుకంటే, డిస్కు మీద రాసేది లోపలి నుంచి మొదలై బయటి అంచుకి పోతుంది, తప్పులు ఎక్కువ పడేది అంచు దగ్గరే. మాది అంచుదాకా నింపేసి, 16ఎక్స్ స్పీడులో (మామూలు స్పీడుకి పదహారింతలు) రాసేసినారు, పైగా నాయన ఫోటోతో కాగితం స్టిక్కర్ అంటించినారు. మన ఎండలకి ఆ స్టిక్కర్ ఒకపక్క లేచింది, అంత స్పీడుగా తిరిగే డిస్కు బ్యాలెన్సు తప్పితే లెన్సు ఎట్ల చదువుతుంది? డీవీడీకి స్టిక్కర్ వద్దే వద్దు, డిస్కులకి వచ్చే మార్కర్‌తో పేరు రాస్తే చాలు.

డబ్బా మీద 4.7 జీబీ అని ఉన్నా విండోస్‌లో చూస్తే దాదాపు 4.38 మాత్రమే, నేను 4.1 దాటనీయను. ఒక్కసారే రాసే డీవీడీ-ఆర్ తీసుకో, తిరిగి రాసుకునే ఆర్‌డబ్ల్యూ వద్దు, వాటి మీద వెలుతురు తక్కువ తిరిగొస్తుంది, పాత ప్లేయర్లకి కష్టం. స్పీడు 4ఎక్స్ లేదా 8ఎక్స్ పెట్టు. డిస్కు రాసే సాఫ్ట్‌వేర్ ఇమ్‌గ్‌బర్న్‌లో వెరిఫై అని, రాసింది సరిగ్గా పడిందా అని చూసే ఒక టిక్ ఉంటుంది, అది తీయొద్దు, టైం డబుల్ అవుతుంది, అయినా సరే.

ఇంక కనపడకపోవడం. ఎంపీ4ని ఊరికే కాపీ చేస్తే అది డేటా డిస్కు, చాలా పాత ప్లేయర్లకి ఆ ఫార్మాట్ తెలీదు. వాటికి వీడియో ఎంపెగ్-2 అనే డీవీడీ ఫార్మాట్‌లో, 720 ఇంటు 576 సైజులో, సెకనుకి 25 ఫ్రేములతో, వీడియో_టీఎస్ ఫోల్డర్‌లో ఉండాల. డీవీడీస్టైలర్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, అది ఇవన్నీ చేసి ఐఎస్ఓ, అంటే డిస్కు మొత్తం ఒకే ఫైలుగా, ఇస్తుంది, దాన్నే ఇమ్‌గ్‌బర్న్‌లో రాయి. డిస్కుకి ఒక గంట పెట్టుకుంటే బొమ్మ బాగుంటుంది, రెండు గంటలైతే పడుతుంది కానీ మసకేస్తుంది. వీడియోకి బిట్‌రేటు (సెకనుకి పట్టే డేటా) 9.8 ఎంబీపీఎస్ దాకా పోవచ్చు గానీ రాసిన డిస్కుల్లో 7 లోపల పెడితే తడబడదు. ఫోన్లో తీసినవైతే ముందు వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు కాన్‌స్టెంట్ పెట్టి మార్చు, ఫోన్లు ఫ్రేములు ఒకే లెక్కన తీయవు, అందుకే పోనుపోను మాట ఒకచోట పెదవి ఒకచోట అవుతుంది.

ఈ డీవీడీ చూసుకునేదానికి మాత్రమే అన్నా, హెచ్‌డీ క్వాలిటీ దీంట్లో పోతుంది. అసలు ఎంపీ4లు హార్డ్‌డిస్కులో ఒకటి, వేరే డిస్కులో డేటాగా ఒకటి తప్పకుండా ఉంచు. ఒక్క ఫైలే 4 జీబీ దాటితే, డేటా డిస్కు రాసేటప్పుడు ఫైల్ సిస్టమ్ యూడీఎఫ్ ఎంచుకో. బ్లూరే రైటర్ దొరికితే ఒక్కదాంట్లో 25 జీబీ పడుతుంది.

రాసినాక మొదలు చూసి వదలొద్దు, చివరి పది నిమిషాలు అదే ఇంటి ప్లేయర్‌లో ఆడించు.

ఇరుక్కునే పాత డిస్కులు ఉంటే పారేయొద్దు, వేరే డ్రైవులో పెట్టి చూడు, ఒకటి చదవంది ఇంకొకటి చదువుతుంది. మాది స్నేహితుడి పాత డెస్క్‌టాప్‌లో, లినక్స్‌లో డీడీరెస్క్యూ (చెడిన డిస్కుల నుంచి డేటా లాగే ప్రోగ్రాం) పెడితే రాత్రంతా తీసుకుని కాపీ అయింది. రెండుచోట్ల ఇంకా గళ్లు వస్తాయి గానీ నిమ్మకాయలు విసిరేది మొత్తం వచ్చింది.