కొలనోస్కోపీకి తోడెవరు?

ప్రశ్న: అన్నయ్య పిటిషన్ మీద గ్రీన్‌కార్డు వచ్చి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాను. వయసు 48. పిల్లల చదువు అయ్యేదాకా కుటుంబం విజయవాడలోనే. ఏ బాధా లేకపోయినా డాక్టరు కొలనోస్కోపీ రాశారు. తప్పదా? తీసుకెళ్లి తీసుకురావడానికి మనిషి ఉండాలట. నాకిక్కడ ఎవరూ లేరు.

జవాబు: చేయించుకోండి. సన్నటి గొట్టానికి కెమెరా పెట్టి పెద్దపేగు లోపల చూస్తారు, బాధ లేనప్పుడు చేయాల్సిన పరీక్షే అది. పెద్దపేగు గోడ మీద పాలిప్ అని చిన్న బుడిపె లేస్తుంది. కొన్ని పాలిప్స్ మెల్లగా క్యాన్సర్‌గా మారతాయి, అందుకు సాధారణంగా పదేళ్లు పడుతుంది. అన్నాళ్లూ నొప్పి తెలియదు. ఆలోగా కనిపిస్తే అక్కడికక్కడే తీసేస్తారు. మలంలో రక్తం పడ్డాక వెళ్దామనుకుంటే ఆలస్యం కావచ్చు. అమెరికాలో ఇదివరకు 50 ఏళ్లకు మొదలుపెట్టేవాళ్లు, 2021 నుంచి 45కే చేయించుకోమంటున్నారు. నటుడు చాడ్విక్ బోస్‌మన్ 2020లో పెద్దపేగు క్యాన్సర్‌తోనే పోయాడు, 43 ఏళ్లకు. బాధ లేకుండా ముందుగా చేయించుకునే పరీక్షకు, అంటే స్క్రీనింగ్‌కు, చాలా ఇన్సూరెన్సుల్లో మన చేతి డబ్బు పడదు, మీ ప్లాన్ చూసుకోండి.

మీరు చివర్న రాసిన మాటే అసలు సంగతి. మిమ్మల్ని ఆపుతున్నది భయం కాదు, ఒంటరితనం. అది నాకు బాగా తెలుసు.

నేను తమ్ముడి పిటిషన్ మీద డాలస్ వచ్చేసరికి యాభై దాటాయి. మా ఆయన రిటైరయ్యేదాకా హైదరాబాద్‌లోనే ఉన్నారు. డాక్టరు ఇదే పరీక్ష రాశారు. ఆఫీసులో అడుగుదామంటే ఏం పరీక్షో చెప్పాలి. గుళ్లో తెలిసినవాళ్లున్నారు గానీ, సెలవు పెట్టి నాతో రండని ఎలా అడగడం? మొహమాటపడి ట్యాక్సీలో వెళ్లాను. ముందురోజంతా తేటగా ఉన్నవే తాగాను. రాత్రి సగం, తెల్లవారుజామున సగం విరేచనాల మందు తాగాను. అంత నీరసంతో వెళితే, వెంట ఎవరూ లేరని కౌంటరు దగ్గరే వెనక్కి పంపేశారు. మత్తిస్తారు కాబట్టి ఆ రోజంతా కారు నడపకూడదు, ఒంటరిగా ట్యాక్సీ ఎక్కనివ్వరు. వాళ్లది న్యాయమే. నేను మాత్రం ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఆ తర్వాత చాలాకాలం ఆ ఊసే ఎత్తలేదు.

చివరికి మా కింద పోర్షన్‌లో ఉండే నెల్లూరు ఆవిడను అడిగాను. "దీనికింత ఆలోచనా వదినా?" అని వచ్చింది. రెండు పాలిప్స్ కనిపిస్తే తీసేశారు. మత్తులో డాక్టరు మాటలు నాకు సగం గుర్తులేవు, అన్నీ ఆవిడే రాసి పెట్టింది. తర్వాత ఆవిడకు నేను వెళ్లాను. ఇప్పుడు మా గుడికొచ్చే ఆడవాళ్లం ఒకరికొకరం తోడు వెళతాం. ఆ అలవాటు మొదలుపెట్టింది నేనే. ఆదివారం ప్రసాదం దగ్గరే తేదీలు కుదుర్చుకుంటాం.

ఎడిసన్‌లో ఉండి ఎవరూ లేరంటే ఎలాగండీ? మన ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డు మీద నిలబడితే తెలుగు వినపడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు శనాదివారాలు గదిలో ఫోన్ పట్టుకుని గడిపేసి, మనుషుల్లేరంటారు. వెళ్లి పరిచయం చేసుకోండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లను అడగండి, ల్యాప్‌టాప్ తెచ్చుకుని వెయిటింగ్ రూములో కూర్చుంటారు. "మీ వంతుకు నేనొస్తాను" అనండి, మీకూ మొహమాటం తగ్గుతుంది.

ఇంట్లోనే ఒంటరిగా చేసుకునే మల పరీక్ష ఉంది, ఫిట్ అంటారు. మలంలో కంటికి కనపడని రక్తం ఉందేమో చూస్తుంది. అదీ మంచిదే, డాక్టర్ని అడగండి. కానీ ఏటా చేయాలి, పాజిటివ్ వస్తే కొలనోస్కోపీ తప్పదు. అప్పుడైనా మనిషి కావాల్సిందే.

పరీక్షకు కొన్ని రోజుల ముందు నుంచి ఆకుకూరలు, నువ్వులు, పల్లీలు మానేయమంటారు. ముందురోజు ఎర్రటి జ్యూసులు వద్దు. మిగతాది వాళ్లిచ్చిన కాగితం ప్రకారం చేయండి. షుగరు మాత్రలో, రక్తం పలచబడే మందులో వాడుతుంటే ముందే చెప్పండి.

ఇంకోటి. ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ ఉందా అని ఫారంలో అడుగుతారు. తెలియక "లేదు" అని రాసేయకండి. మన ఇళ్లల్లో "కడుపు జబ్బుతో పోయారు" అని ఊరుకుంటారు. అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా వచ్చి ఉంటే 40 ఏళ్లకే, లేదా వాళ్లకు వచ్చిన వయసుకు పదేళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు మొదలుపెట్టాలి. ఈ రాత్రే అమ్మకు ఫోన్ చేసి అడగండి. అన్నయ్యకూ చేయండి, ఆయన పరీక్ష చేయించుకున్నారో లేదో కనుక్కోండి. లేదంటే, ఆయనకు తోడు మీరు వెళ్లొచ్చు.