వేరే అడవి నుంచి తెచ్చిన పులిని, చీతాను నేరుగా వదలకుండా కంచెలో ఎందుకు ఉంచుతారు?

నేరుగా వదిలితే చాలావరకు అది పుట్టిన అడవి వైపే నడక మొదలుపెడుతుంది కాబట్టి. పెద్ద జంతువులకు సొంత ఇలాకా ఎటుందో పసిగట్టే శక్తి గట్టిది. మత్తిచ్చి లారీలో తెచ్చినా అది పోదు. కంచెలో కొన్ని వారాలుంటే అక్కడి నీళ్లు, వాసనలు, వేట అలవాటవుతాయి. రోగాలేమైనా ఉంటే బయటపడతాయి, జాడ తెలియడానికి మెడకు కట్టిన పట్టీ (రేడియో కాలర్) ఒరుసుకుంటోందా అన్నదీ తెలుస్తుంది. ఇది చిన్న విషయం కాదు: వానాకాలంలో కాలర్ కింద తడి నిలిచి, పుండు పడి, ఈగలు గుడ్లు పెడితే ప్రాణానికే ముప్పు.

మధ్యప్రదేశ్‌లోని పన్నాలో 2009 నాటికి పులులు పూర్తిగా అంతరించాయి. ఆ నవంబరులో పెంచ్ అడవి నుంచి తెచ్చిన మగపులి టీ3, కొన్నాళ్లు కంచెలో ఉండి కూడా, బయటికి వచ్చిన కొద్దిరోజులకే దక్షిణంగా పెంచ్ దిక్కుకే బయల్దేరింది. సిబ్బంది ఏనుగుల మీద దాదాపు నెల రోజులు వెంబడించి, డిసెంబరులో మత్తిచ్చి వెనక్కి తెచ్చారు. ఈసారి ఆడపులి మూత్రం అడవిలో చల్లారు. ఆ వాసన పట్టుకుని అది, అంతకుముందే పన్నాకు తెచ్చిన ఆడపులి టీ1ను చేరుకుంది. 2010 ఏప్రిల్‌లో పిల్లలు పుట్టాయి. అంటే కంచె ఒక్కటే చాలదు, జోడు కూడా ఉండాలి.

కంచెలో ఉంటే వేట మరిచిపోతుందని చాలామంది అనుకుంటారు. అడవిలో పెరిగిన జంతువు కొన్ని వారాల్లో వేట మరవదు. మధ్యప్రదేశ్‌లోనే ఉన్న కూనో జాతీయ పార్కులో చీతాల పెద్ద కంచెల్లో దుప్పులుండేవి, అవి వేటాడుకునే తిన్నాయి. అసలు జాగ్రత్త పడాల్సింది మనిషి అలికిడి అలవాటు కాకుండా.