పిల్లల కథలు రాసి అమ్మడం ఎలా నేర్చుకోవాలి?

హన్మకొండలో ఉంటూ పిల్లల కథలు రాసి అమ్మడం ఎలా అని అడిగారు. ముందు మీ వాడలో నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి మీ కథ చదివి వినిపించండి. వాళ్ల చూపు ఎక్కడ పక్కకు పోతుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. దిద్దాల్సింది అక్కడే. ఎక్కువగా ఆ గీత వర్ణన దగ్గరే పడుతుంది.

బొమ్మల పుస్తకానికి సాధారణంగా 16, 24 లేదా 32 పేజీలే ఉంటాయి, అందుకే వర్ణనను బొమ్మకు వదిలేయండి. భద్రకాళి చెరువు ఎంత పెద్దదో బొమ్మే చూపిస్తుంది, మీరు చెప్పక్కర్లేదు. చెరువు గట్టున చెప్పు పోగొట్టుకున్న పిల్ల, ఇంటికెళ్లి అమ్మకేం చెప్పాలా అని పడే టెన్షన్ మాత్రం మీ మాటల్లోనే రావాలి. మన పిల్లలు అవ్వను సర్వపిండి అడుగుతారు. దయచేసి ఆ మాటలు తీసేసి పుస్తకాల తెలుగు పెట్టకండి.

ఇక అమ్మడం. ఒకే కథను ఒకేసారి ఇద్దరు ప్రచురణకర్తలకు పంపవద్దు. పిల్లల కథల్ని ఉచితంగా చదివించే వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో పెట్టిన కథ ఓపెన్ లైసెన్స్‌లోకి వెళ్తుంది, దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. కాబట్టి అమ్మాలనుకున్న కథను అక్కడ పెట్టకండి. ప్రచురణకర్తతో ఒప్పందం చేసుకునేటప్పుడు హక్కులు ఎన్నేళ్లకు ఇస్తున్నారో రాయించుకోండి. రాయకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం 5 ఏళ్లుగా లెక్కిస్తారు.