దర్శనం అయ్యాక ఒక రోజు: గుడిమల్లం, చంద్రగిరి, మా ఆయన

మీరు అడిగింది ఇదీ: తిరుమల దర్శనం అయ్యాక ఒక రోజు ఖాళీ ఉంది. మీకు పాత గుళ్లన్నా శిథిలాలన్నా ప్రాణం, మీ ఆయన మాత్రం "అన్నీ రాళ్లే కదా" అంటారు. ఇద్దరూ గొడవ పడకుండా తిరిగొచ్చే చోటు కావాలి. మాది తిరుపతే. మా ఆయన ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు. గుడికెళ్తే దండం పెట్టి, ప్రసాదం తీసుకుని, చెప్పుల దగ్గర నిలబడి ఫోన్ చూసుకునే రకం. కాబట్టి మీ బాధ నాకు బాగా తెలుసు.

ఒక రోజులో శ్రీకాళహస్తి, గుడిమల్లం, శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి అన్నీ పెట్టుకోకండి. మొదటిసారి మేం చేసిన పని అదే. రోజంతా బండి మీదే గడిచింది, గుళ్లలో ఉన్నది గట్టిగా గంటన్నర. సాయంత్రానికి ఇద్దరికీ మాటల్లేవు. రెండు చాలు. పొద్దున గుడిమల్లం, ఎండ తగ్గాక చంద్రగిరి. తిరుపతికి ఒకటి తూర్పున, ఇంకొకటి పడమర. మధ్యలో భోజనం ఊళ్లోనే చేసేయొచ్చు.

గుడిమల్లం సుమారు 30 కిలోమీటర్లు. రేణిగుంట మీదుగా వెళ్లి పాపానాయుడుపేట దాటాలి. బస్సుల కోసం చూడకుండా కారో ఆటోనో రానూపోనూ మాట్లాడుకోవడం మేలు. అది శిథిలం కాదు, పురావస్తు శాఖ రక్షణలో ఉన్నా పూజలు జరుగుతున్న గుడి, పరశురామేశ్వరాలయం. మేం రెండోసారి అక్కడికి చేరేసరికి ఒంటిగంట దాటింది. తలుపుకి తాళం, పూజారిగారు భోజనానికి వెళ్లారు. చెట్టు కింద కూర్చుంటే ఒక అవ్వ వచ్చి "యాడ నుంచి వస్తా ఉండారు? పిల్లోళ్లు లేరా?" అని అడిగింది. "ఇంకా లేదవ్వా" అన్నారు మా ఆయన. "అయితే బాగా మొక్కుకోండి" అని మాతోపాటే కూర్చుండిపోయింది. ఇద్దరే వెళ్తే ఈ ప్రశ్న మీకూ తప్పదు, కోపం తెచ్చుకోకండి.

గర్భగుడి నేల ముందు మండపం కంటే పల్లంగా ఉంటుంది. లోపల చీకటి. పూజారిగారు హారతి పళ్లెం పైనుంచి కిందికి మెల్లగా దించుతూ చూపించారు. దాదాపు ఐదడుగుల లింగం, దాని ముందువైపు నిలబడిన ఒక వేటగాడు. కుడిచేతిలో వెనక కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసిన పొట్టేలు, ఎడమచేతిలో చిన్న కుండ, భుజాన గొడ్డలి. ఒంటి మీద జంధ్యం లేదు. హారతి ఇంకా కిందికి దిగితే ఆయన పాదాల కింద గొంతుకూర్చున్న యక్షుడు కనిపిస్తాడు. ఎవరో పెద్దమనిషిని భుజాల మీద మోస్తున్న కూలీలా ఉన్నాడనిపించింది నాకు. క్రీస్తుకు పూర్వం ఒకటి, రెండు శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల లెక్క. 1911లో పురావస్తు పరిశోధకులు గోపీనాథరావు గారు దీన్ని లోకానికి చూపించారు. 1973లో తవ్వితే లింగం చుట్టూ చదరంగా రాతి కంచె బయటపడింది, బౌద్ధ స్తూపాలకి ఉండే లాంటిది. అంటే ఒకప్పుడు ఈ శివుడికి పైకప్పు లేకపోవచ్చు, ఆరుబయటే పూజ.

ఇదంతా నేను చెప్తుంటే మా ఆయన లేరు. వెతికితే గుడి వెనక దొరికారు. గర్భగుడి వెనక గోడ గుండ్రంగా, ఏనుగు వీపులా తిరిగి ఉంటుంది, గజపృష్ఠం అంటారు. ఆయన ఆ వంపు వెంట చెయ్యి పెట్టి నడుస్తున్నారు. "ఇటుకైతే ఎట్లాగైనా తిప్పొచ్చు. రాయిని ఈ వంపుకి తేవాలంటే ఒక్కో రాయినీ విడిగా చెక్కాలి. ఎవడు కట్టాడే దీన్ని?" అన్నారు. 1126లో, విక్రమ చోళుడి కాలంలో రాతితో తిరిగి కట్టారని చెప్పాను. పెళ్లయ్యాక గుడి గురించి ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది! అప్పటిదాకా నేను నాకు నచ్చినవే చూపించి, ఈయనకి రుచి లేదని సణుక్కుంటున్నాను. మీ ఆయన ఏం పని చేస్తారో రాయలేదు మీరు. అది బట్టి ఏం చూపించాలో ఆలోచించుకోండి.

తిరిగొచ్చేటప్పుడు పాపానాయుడుపేటలో ఒక్క పది నిమిషాలు ఆగండి. ఆ ఊరు గాజు పూసలకి పేరు. నేను నీలం పూసలు తీసుకున్నాను, ఇప్పటికీ మెళ్లో వేసుకుంటాను.

మీరు అడిగిన శిథిలాలు చంద్రగిరిలో ఉన్నాయి. తళ్లికోట యుద్ధం 1565లో అయ్యాక విజయనగర రాజులు పెనుకొండకి, అక్కణ్ణుంచి చంద్రగిరికి మారారు. 1639లో మద్రాసులో కోట కట్టుకోవడానికి ఈస్టిండియా కంపెనీకి నేల ఇచ్చిన దామెర్ల నాయకులు చంద్రగిరి రాజు కింది వాళ్లే. ఆ పట్టా ఇక్కడి కోటలోని రాజమహల్లోనే రాశారని ఊళ్లో చెప్తారు. "అయితే చెన్నై రిజిస్ట్రేషన్ ఇక్కడే అయిందన్నమాట" అన్నారు మా ఆయన.

రాజమహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం తప్ప కర్ర వాడలేదు. ఒక్క దూలం లేకుండా కమానుల మీద అంత కట్టడం నిలబడిందని మా ఆయన తల పైకెత్తి పావుగంట చూశారు, నాకు మెడ నొప్పి వచ్చింది. లోపల మ్యూజియంలో గుడిమల్లం, గండికోట, యాగంటి నుంచి తెచ్చిన శిల్పాలున్నాయి. పక్కన రాణీమహల్ ఉంది, పది నిమిషాల పని.

అక్కడితో వెనక్కి రాకండి. కోటలో పాడుబడ్డ గుళ్లు ఎనిమిది ఉన్నాయి, శైవానివీ వైష్ణవానివీ. ఎక్కువమంది మహల్ ముందు ఫోటోలు దిగి వెళ్లిపోతారు, ఇటు జనం ఉండరు. మేం చూసిన ఒక గుళ్లో విగ్రహం లేదు, గబ్బిలాల వాసన, స్తంభం మీద అరిగిపోయిన నర్తకి. పైకప్పు మూలలో రెండు రాళ్ల సందులో బొటనవేలంత రావిమొక్క. మా ఆయన దాన్ని చూపించి "దీన్ని ఇట్లాగే వదిలేస్తే ఈ మూల జారిపోతాది" అన్నారు. చీకటి పడేదాకా ఆ గడప మీదే కూర్చున్నాం. కాపలా మనిషి ఒకసారి వచ్చి చూశాడు, నా మెళ్లో తాళి కనబడ్డాక ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

కొన్ని జాగ్రత్తలు. గుడిమల్లానికి తొమ్మిదిలోపు చేరిపోండి, మాలాగా తాళం ముందు కూర్చోకుండా. ఎండాకాలమైతే సాక్సులు తీసుకెళ్లండి, ఆవరణలో బండలు కాలతాయి. చంద్రగిరికి మాత్రం బూట్లు వేసుకోండి, శిథిలాల దగ్గర పల్లేరుకాయలు. తినేవి చేతిలో పట్టుకోకండి, కోతులున్నాయి. ఇక మీ ఖాళీ రోజు శుక్రవారం కాకుండా చూసుకోండి, ఆ రోజు మ్యూజియం మూసేస్తారు. శుక్రవారమే అయితే గుడిమల్లం చూసి, చంద్రగిరి బదులు శ్రీనివాస మంగాపురం వెళ్లండి.