24 వారాలు దాటితే?

ప్రశ్న: మా కోడలికి 25వ వారం. బిడ్డకి మెదడు ఎదగలేదని స్కానింగులో చెప్పారు. అమెరికాలోలా ఇక్కడా అబార్షన్ నిషేధమా? – ఓ అత్తగారు, అమలాపురం

జవాబు: కాదమ్మా. 2003లో అమెరికా దేశమంతటా నిషేధించింది గర్భం ముదిరాక చేసే ఒక అబార్షన్ పద్ధతిని. 2007లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2022 తర్వాత అక్కడి కొన్ని రాష్ట్రాలు అబార్షన్‌నే దాదాపు నిషేధించాయి. మన అబార్షన్ చట్టానికి 2021లో చేసిన సవరణ మాత్రం గర్భం ఎన్ని వారాలో చూస్తుంది. 20 వారాల వరకు ఒక డాక్టరు ఒప్పుకుంటే చాలు; 24 వరకు కొన్ని కారణాలకే, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. ఆపైన బిడ్డకి తీవ్ర లోపముంటే మెడికల్ బోర్డు, అంటే ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం, ఒప్పుకోవాలి. అర్జీ అందిన 3 రోజుల్లో బోర్డు తేల్చాలి, 5 రోజుల్లో అబార్షన్ జరగాలి. మళ్ళీ మళ్ళీ స్కానింగులంటూ కాకినాడ, రాజమండ్రి తిరగడంలోనే విలువైన రోజులు పోతాయి. రేపే ప్రభుత్వాసుపత్రి గైనకాలజిస్టుతో బోర్డుకు రాయించండి. తొలి స్కాన్ రిపోర్టు మరవకండి, వారాల లెక్కకు అదే ఆధారం. సంతకం కోడలిది చాలు, మీ అబ్బాయిది అక్కర్లేదు. ఆమె వద్దంటే మాత్రం దయచేసి బలవంతపెట్టకండి.