మంచు మీద వేగం కావాలంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న భోజనాలయ్యాక మా ముగ్గురు మిత్రులం కాళ్ళకి పొడవాటి స్కీలు కట్టుకుని మంచు వాలుల మీద జారే పాత స్కీయింగ్ కబుర్లలో పడితే నువ్వు కదలకుండా కూర్చుని విన్నావు. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "నాకూ మీలా స్పీడుగా దిగాలని ఉంది మామయ్యా, ఎలా నేర్చుకోవాలో చెప్పండి" అన్నావు. గుమ్మంలో నిలబడి చెప్పే సంగతులు కావవి. అందుకే రాస్తున్నాను.

వేగం వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ ఆనందం ఏమిటో నాకు బాగా తెలుసు. రాత్రంతా మెషీన్లు తిరిగి చదును చేసిన వాలు మీద పొద్దున్నే సన్నటి గీతలుంటాయి. వాటి మీద స్కీ అంచు ఆనించి టర్న్ తీసుకుంటే స్కీ కాస్త వంగుతుంది, టర్న్ చివర మళ్ళీ నిటారుగా సాగుతూ మనల్ని ముందుకు తోస్తుంది. ఆ తోపుకి కడుపులో ఏదో తేలిపోతుంది. చెవుల్లో గాలి తప్ప ఇంకేమీ వినిపించదు. డెబ్భైకి దగ్గర పడుతున్నా మేం ముగ్గురం చలికాలం కోసం ఎదురుచూసేది దీనికోసమే. నీకూ అది దక్కాలి.

కానీ కబుర్లలో సగం సంగతి ఎప్పుడూ రాదు. మా వరంగల్ మిత్రుడు మన కొలరాడోలోని కాపర్ మౌంటెన్‌లో ఎక్కడా ఆగకుండా పైనుంచి లిఫ్ట్ దాకా దిగిన పొద్దుట గురించి చెప్పాడు కదా, అతను ఏళ్ళ తరబడి అదే వాలు దిగుతున్నవాడు. ఎక్కడ నేల ఒక్కసారిగా కిందికి జారుతుందో, ఏ మలుపులో పక్క దారి వచ్చి కలుస్తుందో, ఎండ తగలక మంచు ఎక్కడ గట్టిపడుతుందో అతనికి కంఠతా వచ్చు. ఆ రోజు కూడా మొదటిసారి నెమ్మదిగా చూసుకుంటూ దిగాడు. రెండోసారి వదిలాడు. చెప్పేటప్పుడు రెండోసారి సంగతే చెబుతాడు, ఎందుకంటే వినడానికి బాగుండేది అదే. నేర్చుకునే నీకు కావలసింది మాత్రం ఆ మొదటిసారి.

నా మాట నమ్మకపోతే డిసెంబరు మొదట్లో కొలరాడోలోనే ఉన్న బీవర్ క్రీక్‌లో 'బర్డ్స్ ఆఫ్ ప్రే' ప్రపంచ కప్ పోటీలు జరిగినప్పుడు వెళ్ళి చూడు. డౌన్‌హిల్, అంటే అన్నిటికన్నా వేగంగా దిగే పోటీ, జరిగే రోజున వల పక్కన నిలబడితే, మనిషి ఇంకా కనిపించకముందే కొత్త గుడ్డను పర్రున చింపినట్టు చప్పుడు వస్తుంది. అది గట్టి మంచును స్కీ అంచు కోసే చప్పుడు. ఆ మనిషి గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంతో నీ ముందు నుంచి వెళ్ళిపోతాడు. నువ్వు తల తిప్పేలోపు అక్కడ మంచు పొడి తప్ప ఏమీ ఉండదు.

అయితే నిన్ను చూడమంటున్నది అది కాదు. పొద్దున పోటీకి ముందు ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, అది చూడు. ఆ మనుషులే స్కీలు అడ్డంగా పెట్టి, అంగుళం అంగుళం జారుతూ కిందికి వస్తారు. దారి చూపడానికి కర్రలు పాతిన ప్రతి గేటు దగ్గరా ఆగుతారు. వెనక్కి తిరిగి పైకి చూస్తారు, కోచ్‌తో మాట్లాడతారు. కొందరు కళ్ళు మూసుకుని, చేతులు అటూ ఇటూ ఆడిస్తూ కోర్సు మొత్తం మనసులో దిగుతారు. అదీ కాక, అంతకుముందు రోజుల్లో కనీసం ఒక్క ట్రైనింగ్ రన్ అయినా దిగనివాడిని డౌన్‌హిల్ పోటీకి అనుమతించరు. అది నియమం. లోకంలో అందరికన్నా వేగంగా దిగేవాళ్ళు తెలియని వాలు మీద వేగంగా దిగరు.

1976 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో ఫ్రాంజ్ క్లామర్ డౌన్‌హిల్ వీడియో చూశానన్నావు. పసుపు సూటు, గాల్లో చేతులు, ప్రతి మలుపులో పడిపోతాడేమో అనిపించడం, చివరికి 0.33 సెకన్ల తేడాతో బంగారు పతకం. చూసిన కుర్రాళ్ళందరికీ తెగింపు ఉంటే చాలనిపిస్తుంది. కానీ అంతకుముందు సీజన్‌లో అతను తొమ్మిది ప్రపంచ కప్ డౌన్‌హిల్స్‌లో ఎనిమిది గెలిచాడు. అలా తూలినా తిరిగి నిలబడగలిగే ఒడుపు ఆ కాళ్ళకు అప్పటికే ఉంది. అన్నట్టు, ఆ రోజు అతని వెనక రెండో స్థానంలో నిలిచిన బెర్న్‌హార్డ్ రుస్సీయే తర్వాతి కాలంలో బీవర్ క్రీక్ కోర్సును రూపొందించాడు.

ఇక నీ సంగతి. తేలికైన గ్రీన్ వాలులన్నీ హాయిగా దిగుతున్నావు, మధ్యరకం కష్టమున్న బ్లూ మీదకి వెళ్తే భయమేసి పిజ్జాలోకి వచ్చేస్తున్నావు. అలా పిజ్జా ముక్క ఆకారంలో స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక భాగాలు దూరంగా పెట్టి బ్రేకు వేయడం మొదట్లో అందరూ నేర్చుకునేదే. వేగం పెరిగితే అది పనిచేయదు, తొడలు మండిపోవడం తప్ప. వేగాన్ని అదుపు చేసేది టర్న్. టర్న్ పూర్తి చేస్తే, అంటే స్కీలు వాలుకి అడ్డంగా వచ్చేదాకా తిరిగితే, వేగం దానంతటదే తగ్గుతుంది. టర్న్ సగంలో వదిలేసి కిందికి చూపిస్తే పెరుగుతుంది. ఎంత వేగం కావాలో ప్రతి టర్న్‌లోనూ నువ్వే నిర్ణయించుకోగలగాలి. అది చేతికి రానిదే, అంటే కాలికి రానిదే, తిన్నగా కిందికి వదలకు.

దీనికి యూట్యూబ్ చాలదు. ఇంకో రెండు మూడు లెసన్లు తీసుకో. నీ నడుము వెనక్కి ఎలా వాలుతోందో నీకు కనిపించదు, పక్కనున్న టీచరుకి కనిపిస్తుంది. భయమేస్తే శరీరం వెనక్కి, కొండ వైపుకి వాలుతుంది. అలా వాలిన క్షణంలో స్కీల ముందు భాగం మీద బరువు పోతుంది, స్టీరింగు పోతుంది. భయమేసినప్పుడే ముందుకి, లోయ వైపుకి వాలాలి. మనసు ఒప్పుకోదు, అయినా ఒప్పించాలి.

డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే జాకెట్ మీద కాదు, బూట్ల మీద పెట్టు. మంచి బూట్ ఫిట్టర్ దగ్గరికి వెళ్ళి గంటసేపు కూర్చో. మడమ పైకి లేవకూడదు, ముంగాలు బూటు నాలుకకి ఎప్పుడూ ఆనుకునే ఉండాలి, నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తగిలీ తగలనట్టుండాలి. లోపల ఒకే ఒక పల్చటి సాక్స్. రెండు జతలు వేస్తే వెచ్చగా ఉంటుందనుకుంటారు, రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు, ఎంత బలానికి విడిపోవాలో షాపువాళ్ళు నీ బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం అడిగి పెడతారు. గొప్పకి పోయి ఎక్స్‌పర్ట్‌నని చెప్పకు. పడినప్పుడు స్కీ ఊడకపోతే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది.

సరే, బ్లూ వాలు మీద రెండు వైపులా చక్కగా ఆగగలుగుతున్నావనుకుందాం. అప్పుడు వదులు. వదిలే ముందు పైన నిలబడి చివరిదాకా కనిపిస్తోందో లేదో చూడు. మధ్యలో గట్టులాంటిది ఉండి అవతల కనిపించకపోతే, దాని కింద ఎవరో ఒకరు కూర్చుని బూటు సర్దుకుంటున్నారనే అనుకో. కింద విశాలమైన చదును ఉండాలి, లేదా చిన్న ఎదురెత్తు ఉంటే ఇంకా మంచిది. చెట్లున్న అంచుకి దూరంగా వాలు నడిమధ్యన ఉండు. స్కీయింగ్‌లో పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగం బ్లాక్ డైమండ్లనే భయంకరమైన, బాగా కష్టమైన వాలుల మీద పోయినవి కావు. బాగా వచ్చిన కుర్రాళ్ళు చదునైన బ్లూ మీద వేగంగా వస్తూ అదుపు తప్పి అంచునున్న చెట్టుకి తగిలిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఒక్కసారి లెక్క వేసుకో. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకి 11 మీటర్లు. వేగం రెండింతలైతే దెబ్బలోని శక్తి నాలుగింతలు. హెల్మెట్‌లని పరీక్షించేది గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో తగిలే దెబ్బకి. తప్పకుండా పెట్టుకో, కానీ అది ఉంది కదా అని వేగం పెంచకు.

పైనుంచి వచ్చేవాడిదే బాధ్యత, ఇది మాత్రం మనసులో గట్టిగా నాటుకో. కొలరాడోలో ఇది మర్యాద మాత్రమే కాదు, 1979 స్కీ సేఫ్టీ చట్టం చెప్పే మాట. కింద ఉన్నవాళ్ళకి నువ్వు కనిపించవు. వాళ్ళు ఎటు తిరిగినా నువ్వే తప్పుకోవాలి. పిల్లల పక్కనుంచి వేగంగా దూసుకెళ్ళడం నాకు అస్సలు నచ్చదు. నువ్వు తగలకపోయినా ఆ గాలికి, ఆ చప్పుడికి బెదిరి పడే పిల్ల మళ్ళీ స్కీలు కట్టుకోనంటుంది. గుర్తుంచుకో.

నీకు టైము చూసుకోవాలని ఉంటే దానికి తగిన చోటుంది. నాస్టార్ అని 1968లో మొదలైన పోటీలు, మామూలు జనం కోసమే. వింటర్ పార్క్, స్టీమ్‌బోట్ లాంటి చోట్ల గేట్లు పాతి, వేరే ఎవరూ రాకుండా వాలు మూసి పెడతారు. నీ టైమును నేషనల్ టీమ్ స్థాయి స్కీయర్ల టైముతో సరిచూసి, వయసును బట్టి పతకం ఇస్తారు. అందుకే ముసలివాళ్ళం మేము కూడా నీతో సరిసమానంగా పోటీపడగలం. మా గుంటూరు మిత్రుడు ఇప్పటికీ తన వెండి పతకం బంగారం కావలసిందని వాదిస్తాడు. ఆ వాదన వినడానికే నువ్వొకసారి మాతో రావాలి.

ఒక్కడివే మాత్రం వెళ్ళకు. నీ ఈడు వాళ్ళు, నీకంటే కొంచెం బాగా వచ్చినవాళ్ళు ఇద్దరు దొరికితే చాలు. కింద ఆగి వెనకవాళ్ళ కోసం ఎదురుచూసే మనిషినే ఎంచుకో. ఆగేటప్పుడు వాలు పక్కన, పైనుంచి వచ్చేవాళ్ళకి కనిపించే చోట ఆగండి. మధ్యాహ్నం దాటాక జనం గీకి గీకి మంచు తేలిపోయి కింద ఐస్ బయటపడుతుంది, వెలుతురు తగ్గి గుంట ఏదో గట్టు ఏదో తెలియదు, కాళ్ళూ అలిసిపోతాయి. మేం ముగ్గురం 'ఇది లాస్ట్ రన్' అని ఎప్పుడూ అనుకోం. ఎవరికి కాళ్ళు బరువెక్కినా చెబుతారు, ముగ్గురం కలిసి దిగి కాఫీకి వెళ్తాం. అలసినవాడు చెప్పడానికి మొహమాటపడని స్నేహమైతేనే ఇది కుదురుతుంది.

వచ్చే శనివారం లవ్‌లాండ్‌కి వెళ్తున్నాం, నువ్వూ రా. ఐసెన్‌హవర్ టన్నెల్ పక్కనే, అడుగు భాగమే 10,800 అడుగుల ఎత్తు. శుక్రవారం నుంచే నీళ్ళు బాగా తాగు, ఆ రాత్రి బీరు జోలికి వెళ్ళకు. డెన్వర్‌లో పొద్దున ఆరింటికల్లా బయల్దేరకపోతే ఐ-70 హైవే మీదే సగం రోజు గడిచిపోతుంది. అక్క పులిహోర చేసి ఇస్తానంది, నువ్వు తెచ్చుకోవద్దు. బూట్లు మాత్రం ముందు రాత్రి కారు డిక్కీలో వదలకు. చలికి ప్లాస్టిక్ బిగుసుకుపోయి పొద్దున కాలు దూరదు. ఇంట్లో హీటర్‌కి కాస్త దూరంగా, బకిల్స్ వదులు చేసి పెట్టు.

ఆశీస్సులతో,
మామయ్య