అందరూ దేవుడంటున్నారు, నాకేమో కోపం వస్తోంది

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. నాన్న తాపీ మేస్త్రీ. కూలీగా మొదలై చిన్న చిన్న కాంట్రాక్టులు చేసే దాకా వచ్చారు. మా పేటలో సగం ఇళ్ళు ఆయన చేతి మీద లేచినవే. రామమందిరానికి పైసా తీసుకోకుండా పనిచేశారు. 2018లో తిత్లీ తుపాను వచ్చాక తన మనుషుల్ని వెంటబెట్టుకుని కొండ మీది సవర ఊళ్ళకు వెళ్ళి ఎగిరిపోయిన కప్పులు వేసి వచ్చారు. ఏడు నెలల కిందట, 58 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ 'దేవుడమ్మా' అంటారు. నాకు మాత్రం లోపల కోపం. పై అంతస్తు కోసం వదిలిన చువ్వలు పదేళ్ళుగా తుప్పు పడుతున్నాయి. నా పెళ్ళికి దాచిన డబ్బు, పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న ఒక కూలీ ఆపరేషన్‌కి ఇచ్చేశారు. పెళ్ళి రెండేళ్ళు ఆగింది. విశాఖలో ఉద్యోగం చేస్తూ భార్యతో అక్కడే ఉంటున్న తమ్ముడు చివరి చూపుకు అందలేదు. ఇప్పుడు అప్పు చేసైనా వీధి మొగలో నాన్న విగ్రహం పెట్టాలంటున్నాడు. నాన్న లెక్కల పుస్తకం పట్టుకుని బాకీలు వసూలు చేద్దామంటాడు. అమ్మేమో దాన్ని తగలెయ్యమంటుంది. నాన్న చివరిగా కట్టిన పిట్టగోడకు ఆవిడ ఇప్పటికీ రోజూ పొద్దున్నే నీళ్ళు పోస్తోంది. మిగతా పనులన్నీ మామూలుగానే చేసుకుంటోంది గానీ, అది చూస్తుంటే భయమేస్తోంది. సంవత్సరీకం నాడు నాన్న గురించి నన్ను మాట్లాడమన్నారు. నాలుగుసార్లు రాసి చింపేశాను. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు మీ కోపం సంగతి చూద్దాం. ఉత్తరంలో అసలు విషయం అదే.

ఆ కూలీకి ఆపరేషన్ చేయించడం మంచి పని. మీ పెళ్ళి డబ్బు తీసేటప్పుడు మిమ్మల్ని కూర్చోబెట్టి ఒక్క మాట అడగకపోవడం మంచి పని కాదు. రెండూ చేసింది ఒకే మనిషి. ఊరి కోసం బతికినవాళ్ళ ఇళ్ళలో ఇది తరచూ జరిగేదే: బయటివాళ్ళ అవసరం గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది, ఇంట్లోవాళ్ళ అవసరం రేపటికి వాయిదా పడుతుంది. మీవాళ్ళే కదా, అర్థం చేసుకుంటారని ధీమా. ఆ ధీమా మీకు ఖరీదైంది. అలా ఖరీదైందని అనుకున్నంత మాత్రాన మీరు చెడ్డ కూతురు అయిపోరు. పోయినవారి మీద కోపం రావడం దుఃఖంలో భాగమే. 'దేవుడు' అన్న ప్రతిసారీ మీకు ఒళ్ళు మండడానికి కారణం కూడా ఉంది. దేవుడితో పోట్లాడలేం. నాన్నతో అయితే పోట్లాడాల్సింది చాలా మిగిలిపోయింది.

కాబట్టి సభలో మాట్లాడే ముందు ఇంట్లో మాట్లాడండి. పెళ్ళి డబ్బు సంగతి అమ్మను అడగండి. అప్పుడు ఆవిడకు తెలుసా, తెలిసి ఒప్పుకుందా, లేక ఆవిడకూ తర్వాతే తెలిసిందా? నా అంచనా, ఆ జవాబు విన్నాక మీ కోపం సగమైనా దారి మార్చుకుంటుంది. అమ్మ మీదికే తిరిగినా కంగారు పడకండి. ఆవిడ బతికే ఉంది, తిరిగి సమాధానం చెప్పగలదు.

ఇక పిట్టగోడ. సిమెంటు పనికి నీళ్ళు కట్టేది వారం పది రోజులని మేస్త్రీ భార్యకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ గోడకు నీళ్ళు అక్కర్లేదని ఆవిడకూ తెలుసు. తెలిసి పోస్తోంది. అది పిచ్చి కాదు, మాన్పించకండి. చూడాల్సినవి వేరే. తింటోందా, నిద్రపోతోందా, బజారుకీ పేరంటానికీ వెళ్తోందా, 'నేనూ పోతే బాగుణ్ణు' అంటోందా? ఆరు నెలలు దాటినా రోజువారీ బతుకును సాగనివ్వని దుఃఖం ఉంటే దాన్ని విడిగా గుర్తించి చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పనులు మామూలుగానే చేసుకుంటోందని మీరే రాశారు, అది మంచి సూచనే. ఎప్పుడైనా అనుమానం వస్తే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి, టెలి మానస్. ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. చావు మాట వినబడితే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

లెక్కల పుస్తకాన్ని తగలెయ్యొద్దు. అలాగని తమ్ముడి చేతికిచ్చి ఊరి మీదికి పంపొద్దు. వీలునామా లేకపోతే మీ నాన్న ఆస్తిలోనూ ఆయనకు రావలసిన డబ్బులోనూ అమ్మకీ మీకూ తమ్ముడికీ సమాన వాటాలు. నానమ్మ బతికి ఉంటే ఆవిడకూ ఒక వాటా. అంటే మీ తమ్ముడు ఒక్కడే తేల్చే వ్యవహారం కాదిది. మామూలు చేబదులు మూడేళ్ళు దాటితే, మధ్యలో కొంత చెల్లించడమో రాసివ్వడమో జరగకపోతే, కోర్టుకెళ్ళినా రాదు. కాబట్టి పాత పేజీల గురించి గొడవ దండగ. ముగ్గురూ కూర్చుని పుస్తకం చదవండి. కూలీలు పెళ్ళికో జబ్బుకో తీసుకున్న అడ్వాన్సులు ఒక పక్క, పని పూర్తయినా ఆఖరి బిల్లు ఇవ్వని ఇళ్ళ యజమానులు ఒక పక్క పెట్టండి. మొదటివి వదిలేయడానికి అమ్మ ఒప్పుకుంటుందనే అనుకుంటున్నాను. రెండోవి మాత్రం మొహమాటం లేకుండా అడగండి. ఇల్లు కట్టించుకుని కాపురం ఉంటున్నవాడు డబ్బు ఎగ్గొడితే అది దానం కిందికి రాదు. సిమెంటు కొట్టుకీ ఇనుము కొట్టుకీ మీ నాన్నే బాకీ ఉంటే ముందు అవి తీర్చండి. ఆయన వదిలిన ఆస్తికి మించి ఆ అప్పుల భారం పిల్లల మీద పడదు, ఆ టెన్షన్ వద్దు.

విగ్రహం మాట. రోడ్ల మీద, ప్రభుత్వ స్థలాల్లో విగ్రహాలు పెట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2013లోనే రాష్ట్రాలకు చెప్పింది. వీధి మొగ ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. ఇది చెప్పి తమ్ముడి నోరు మూయించడం తేలిక. కానీ ఆ కుర్రాడు చివరి చూపుకు అందలేదు. అప్పు చేసైనా సరే అంటున్నాడంటే, అందుకోలేని దానికి ఏదో ఒకటి చెల్లించాలని తపన. మీ కోపాన్ని మీరు దాచుకున్నట్టే అతను తన బాధను విగ్రహంలో దాచుకున్నాడు. అతనికి ఒక పని చెప్పండి, చేతినిండా పని.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. 18 నుంచి 60 ఏళ్ళ లోపు వారు, గత 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు చూపిస్తే, సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. పేరున్న కార్మికుడు చనిపోతే నామినీకి సాయం అందుతుంది. మీ నాన్నకు ఆ బోర్డు కార్డు ఉందేమో బీరువాలో వెతకండి. ఉంటే ఆలస్యం చేయకుండా అమ్మను తీసుకుని జిల్లా లేబర్ ఆఫీసుకు వెళ్ళండి. ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళలో ఎంతమందికి కార్డులున్నాయి? కాలు విరిగిన ఆ మనిషికి అప్పుడు కార్డు ఉండి ఉంటే మీ పెళ్ళి డబ్బు జోలికి పోవాల్సిన పని పడేది కాదేమో. సంవత్సరీకం లోపు నాన్న ముఠాలో ప్రతి ఒక్కరి పేరూ నమోదు చేయించే బాధ్యత తమ్ముడు తీసుకోవచ్చు. ఇందులో అప్పు చేయాల్సినంత ఖర్చేమీ ఉండదు. సెలవు రోజుల్లో ఊరికి రావాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి, నాన్నతో తిరిగిన మనుషులతో కూర్చోవాలి. అతనికి కావలసింది కూడా అదే అనుకుంటాను.

ఇక మీ ప్రసంగం. చింపేసిన కాగితాల్లో 'కీర్తిశేషులు', 'నిస్వార్థ సేవామూర్తి' లాంటివి ఉండి ఉంటాయని నా అనుమానం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి, పుస్తకాల భాషతో మీకెందుకమ్మా ఈ అవస్థ? ఇంట్లో మాట్లాడినట్టే రాయండి. ముందు నాన్న మనుషుల దగ్గరికి వెళ్ళి ఫోనులో రికార్డు చేసుకోండి. పునాదికి ముగ్గు పోసేటప్పుడు ఏమనేవారు, రసమట్టం తేడా చూపిస్తే కట్టిన వరస విప్పించేవారా, ఎవరిని తిట్టేవారు, కూలి ఏ రోజు ఇచ్చేవారు? సవర ఊళ్ళవాళ్ళు వాళ్ళ భాషలోనే చెప్పనివ్వండి, తర్వాత అర్థం కనుక్కోవచ్చు. పది నిమిషాల మాటలకు అందులోంచి రెండు మూడు సంగతులు చాలు. పై అంతస్తు చువ్వల గురించి కూడా చెప్పండి. పేటంతా రోజూ చూస్తున్నవే కదా, దాచేదేముంది? పెళ్ళి డబ్బు సంగతి చెప్పాలనిపిస్తే మాత్రం ఆ కూలీని ముందుగా అడగండి. పదిమందిలో తలదించుకోవాల్సిన పరిస్థితి అతనికి రాకూడదు.

తమ్ముడితో ఇవన్నీ ఫోన్లో తేల్చకండి. ఊరికి వచ్చినప్పుడు అమ్మ ముందు, మీ మరదలు కూడా ఉండగా మాట్లాడండి. విగ్రహానికి అప్పు తెస్తే నెలనెలా ఆ వాయిదా కట్టాల్సింది ఆవిడ ఇంట్లోంచే. ఆవిడను ఇంతవరకూ ఎవరైనా అడిగారో లేదో మీ ఉత్తరంలో లేదు.